గుర్రాలవాళ్ల ఇల్లు

ఆ వసంతం మొదట్లో మా ఇంట్లో ఐదుగురం. మా అత్తగారు, మా ఆయన సూక్, మా మరిది హన్, నేను, మూడేళ్ల మా తోరి. ఎండలు ముదిరేసరికి నలుగురం మిగిలాం. ఊళ్లోవాళ్లు మాత్రం మేం మొదటినుంచీ నలుగురమే అంటారు. నేనూ ఎవరడిగినా అదే అన్నాను. ఇప్పుడు నా మాట పట్టించుకునేవాళ్లు ఎవరూ మిగల్లేదు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

మాది సోల్‌గే. యేసోంగ్ నది సముద్రంలో కలిసే మలుపులో ముప్ఫై ఇళ్ల ఊరు. రాజధాని సోంగ్‌దో అక్కణ్ణించి ఒక పూట నడక. సేనాపతిగా ఉన్నాయన సింహాసనం ఎక్కి అప్పటికి రెండేళ్లు. అంతకుముందు ఐదువందల ఏళ్లకు దగ్గర దగ్గరగా రాజ్యం చేసింది మా ఆయన ఇంటిపేరువాళ్లే. వాంగ్ అన్న అక్షరానికి అర్థమే రాజు. కొత్త రాజు వచ్చీ రావడంతోనే వాంగ్‌లను ఏరించి, ఎదురుగా కనబడే కంగ్వా దీవికి పంపేశాడు. మా గడప మాత్రం ఎవరూ తొక్కలేదు. గడ్డి కప్పిన ఇల్లు, రెండు మళ్లు, చాపలల్లుకునే బతుకు. అందులో రాజుల్ని వెతకాలని ఏ ఉద్యోగికి తోస్తుంది?

తోచేటట్టు చేసేది మా అత్తగారు ఒక్కతే. ఆవిడ దగ్గర నల్ల లక్కపెట్టెలో ఒక కాగితపు చుట్ట ఉండేది. అది వంశావళి. మామగారి తద్దినం రోజున అది విప్పి, ఒకానొక రాజుగారి రెండో కొడుకు వాంగ్ రిమ్, ఆయన కొడుకు వాంగ్ చోల్ అంటూ మొదలుపెట్టి, ఎనిమిదో తరంలో మా ఆయనా మరిదీ వచ్చేదాకా పైకి చదివేది. చదువుతున్నంతసేపూ ఆవిడ వంగిన నడుము నిటారుగా నిలబడేది. నేను పడవలు చేసే వడ్రంగి కూతుర్ని. ఆ చుట్టలో ఏ తరంలోనూ లేను. కరువులో గతిలేక చేసుకున్న సంబంధమని నా ఎదుటే అనేది. నేను పక్కనుంచి వెళితే రంపపు పొట్టు వాసన వేస్తోందని ముక్కు పట్టుకునేది.

నాతోనే కాదు, ఊరితోనూ అంతే. సోయా జున్ను అమ్ముకునే సామ్‌వోల్ వాళ్లమ్మ ఒకసారి అలసిపోయి మా అరుగు మీద కూర్చుంటే, దిగి ముంగిట్లో కూర్చోమంది. ఆ రోజునుంచీ ఆవిడ మా అత్తగారిని మహారాణీగారు అని పిలిచేది. వెక్కిరింపని ఊరంతటికీ తెలుసు. మా అత్తగారు మాత్రం ఆ పిలుపు తనకు చెల్లవలసిందే అన్నట్టు తలాడించేది.

నాలుగో నెలలో ఒక పొద్దున మా నాన్న వచ్చాడు.

మామూలుగా అయితే గుమ్మం దగ్గరే నిలబడి, మీ రాణీగారు దర్శనమిస్తారా అని నన్ను నవ్వించి గానీ లోపలికి రాడు. ఆ రోజు తిన్నగా పెరట్లోకి వెళ్లి, నూతి పక్కన పనిముట్ల మూట దించి, చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. ఎంతసేపటికీ ఆపడు. అంతకుముందు పది రోజులుగా ఆయన కంగ్వాలో ఉన్నాడని నాకు తెలుసు. పడవలు బాగుచెయ్యాలని పదకొండుమంది వడ్రంగుల్ని తీసుకెళ్లారు. దీవిలో ఉన్న వాంగ్‌లందర్నీ దక్షిణాన దూరంగా ఉన్న ఇంకో పెద్ద దీవికి మారుస్తారనీ, అక్కడ ఇంటికింత భూమి ఇచ్చి మామూలు రైతుల్లా బతకనిస్తారనీ అందరూ అనుకున్నారు. మా ఆయన కూడా ఆ మాట విని, మనకీ ఇస్తే బాగుండునన్నాడు.

జొన్న గంజి ఇస్తే నాన్న పుచ్చుకోలేదు. చెప్పింది కూడా వరసగా చెప్పలేదు. పడవలు మంచివేనన్నాడు. దక్షిణ దీవికి పది రోజుల ప్రయాణమన్నాడు. ఎక్కినవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని, విత్తనాల సంచులు పట్టుకుని, వరసలో నిలబడి మరీ ఎక్కారన్నాడు. తరవాత కాసేపు నూతి గట్టు మీది నాచు గోకుతూ కూర్చున్నాడు.

“నలభైమంది ఎక్కిన పడవలో ఒక్క నీళ్ల కుండ లేదు అమ్మడూ,” అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

“అడుగు చెక్కలకి బెజ్జాలు పెట్టమన్నారు. బొటనవేలు పట్టేటంత. పెట్టి, బిరడాలు కొట్టమన్నారు. ఎందుకని ఎవరం అడగలేదు. పడవ చేసేవాడికి ఎందుకో తెలీదా? తెలిసే కొట్టాను.”

ఒడ్డునుంచి చూస్తే అంతా చాలా దూరంగా, చప్పుడు లేకుండా జరిగిందట. బిరడాలు లాగిన ఈతగాళ్లు వెనక్కి వచ్చి, చలి కాచుకోవడానికి వడ్రంగుల నెగడు దగ్గరే కూర్చున్నారట. వాళ్లకి చోటిచ్చి మా నాన్న పక్కకి జరిగాడట. ఆ సంగతి మటుకు రెండుసార్లు చెప్పాడు. వెళ్లేముందు మా ఆయన్ని పిలిచి, ఇక మిగిలినవాళ్ల కోసం ఊళ్లమీద పడతారనీ, పెట్టెలో ఉన్నది ఈ రోజే తీసెయ్యమనీ చెప్పాడు.

మూడో రోజున చాటింపు వచ్చింది. ఎక్కడ దాక్కున్న వాంగ్‌నైనా పట్టి చంపుతారు. దాచినవాళ్లకీ అదే గతి. అయితే వాంగ్‌లందరూ రాజరక్తం కారు. వెనకటి రాజులు మెచ్చుకుని ఆ ఇంటిపేరు బహుమానంగా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. అలాంటివాళ్లు ఇకమీదట తల్లివైపు ఇంటిపేరు పెట్టుకుని బతకవచ్చు. ఎవరు ఏ రకమో తేల్చడానికి అధికారి ఊరూరా వస్తాడు. ఊరిపెద్ద సాక్ష్యం చెప్పాలి.

ఊరిపెద్ద ప్యో ముసలాయన, దగ్గుమనిషి. ఆ సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చి, మా అత్తగారు పైకి రమ్మన్నా రాకుండా, ముంగిట్లోనే నిలబడ్డాడు.

“అమ్మా, నీ ఇల్లు ఏ ఇల్లని అడిగితే ఈ ఊళ్లో కుక్కలు కూడా చెబుతాయి,” అన్నాడు. “చెప్పించింది నువ్వే. ఇప్పుడు వేరే మాట కావాలంటే అది కూడా ముందు నీ నోటినుంచే రావాలి. నువ్వేదంటే మేమూ అదే అంటాం.”

“ఏమనమంటావు?” అంది ఆవిడ.

ఆయనకి ఏమీ తోచలేదు. మా ఆయన నేల చూస్తున్నాడు. పిల్లాడికి పాలు పడుతూ తలుపు వెనకాల ఉన్న నేను, నన్నెవరూ అడక్కుండానే నోరు తెరిచాను. మామగారి నాన్నగారు ఒక రాకుమారుడి గుర్రపుశాలలో పనిచేశారని చెప్పండి, ఏదో యుద్ధంలో గుర్రాన్ని కాపాడితే దయతలచి పేరిచ్చారని చెప్పండి, అన్నాను.

మా అత్తగారు నావైపు చాలాసేపు చూసింది. చెంప పగలగొడుతుందనుకున్నాను.

“పేడ ఎత్తేవాడా, మేత వేసేవాడా?” అంది.

అది ఎత్తిపొడుపేమో అనుకున్నాను. కాదు. అబద్ధం కుదురుగా కూర్చోవాలని వివరం అడుగుతోంది. మేత వేసేవాడని నేనన్నాను. పేడ ఎత్తేవాడే నయమని ఆవిడ అంది. మేత వేసేవాళ్ల పేర్లు ఎక్కడో ఒకచోట రాసి ఉంటాయట. పేడ ఎత్తేవాళ్లని ఎవరూ రాసిపెట్టరట.

మర్నాడు పొయ్యి ముందు పీట వేసుకుని ఆ చుట్ట మొదటినుంచీ చివరిదాకా ఒకసారి చదివింది. చదవడం అయ్యాక తరం తరం విడివిడిగా చింపి పొయ్యిలో పెట్టింది. పాత కాగితం, పొగ లేకుండా కాలింది. దానిమీదే ఆ పూట గంజి ఉడికింది. అందరం తాగాం. లక్కపెట్టెలో ఎండుచేపలు పోసి పెట్టమని నాకిచ్చింది.

హన్ అప్పుడు ఇంట్లో లేడు. బొగ్గుబట్టీల పనికని కొండల మీదికి వెళ్లి నెల కావస్తోంది. పంతొమ్మిదేళ్లవాడు. ఎత్తుగా, కాస్త ముందుకు వంగి నడిచేవాడు. వాళ్లమ్మ నోటినుంచి విన్నదంతా వాడికి అక్షరం పొల్లుపోకుండా వచ్చు. చిన్నప్పటినుంచీ వాడికి కథ లేదు, పాట లేదు, ఆ ఎనిమిది తరాలే. కంగ్వా సంగతి వాడు కొండమీదే విన్నాడు. మా నాన్న బిరడాల సంగతి మాత్రం మేం వాడికి ఎప్పుడూ చెప్పలేదు.

వాడు దిగివచ్చేసరికి మర్నాడే అధికారి వస్తున్నాడని కబురు. మా అత్తగారు చేటలో సోయాగింజలు ఏరుతోంది. మా ఆయన ఉన్నమాటంతా చెప్పాడు. హన్ వాళ్లమ్మ ఎదురుగా గొంతుకూర్చున్నాడు.

“అమ్మా, నాన్న ఎవరి కొడుకు?”

“పేడెత్తేవాడి కొడుకు.”

“నేను?”

“పేడెత్తేవాడి మనవడివి.” చేటలోంచి తల ఎత్తలేదు. రాళ్లు ఒక పక్క, గింజలు ఒక పక్క.

హన్ నవ్వాడు. కాళ్లు కడుక్కుని అన్నం తినమని మా ఆయన అంటే వినిపించుకోలేదు. కంగ్వాలో మునిగినవాళ్లంతా మనవాళ్లేననీ, వాళ్లలో ఒక్కడు కూడా నేను వాంగ్‌ని కానని అనలేదనీ అన్నాడు.

“వాళ్లని ఎవరూ అడగలేదురా,” అన్నాడు మా ఆయన. “అడిగితే అందరూ అనేవాళ్లే.”

హన్ లేచి వచ్చినదారినే వెళ్లిపోయాడు. దడి దగ్గర చెప్పులు వేసుకుంటుంటే నేను వెనకాలే వెళ్లాను. ఆ గడ్డిచెప్పులు నేనల్లినవే. వాడి పాదం పొడుగు, అంగట్లో దొరికేవి పట్టేవి కావు. రెండురోజులు కొండమీదే ఉండు, అధికారి వెళ్లిపోయాక నేనే కబురుపెడతానని బతిమాలాను.

“గుర్రాల సంగతి నీకే తోచిందట కదా వదినా.”

“అవును.”

“నీకు వంశం లేదు కాబట్టి తోచింది.”

నాకు కష్టం కలిగింది. కానీ అందులో అబద్ధమేమీ లేదు. వాడు కొండదారి పడతాడనుకున్నాను. రేవుదారి పట్టాడు.

మర్నాడు ప్యోగారి కళ్లంలో ఊరంతా కూడింది. వచ్చిన అధికారి సన్నగా, జలుబు చేసి ఉన్నాడు. కోపిష్టి కాడు. మా అత్తగారి వయసు చూసి చాప వేయించాడు. ఆవిడ చాప మీద కూర్చోకుండా, దాని పక్కన మట్టిలో కూలబడి, మేం ఎన్నడూ ఎరగని గొంతుతో మొదలుపెట్టింది. మా మామగారు ఎంత కడుక్కున్నా కాళ్లు పేడకంపు కొట్టేవి దొరా, అంది. కలవరింతల్లో గుర్రాల్ని అదిలించేవారంది. ఆయన నవ్వితే సకిలించినట్టుండేదనీ, పెళ్లైన కొత్తలో తాను ఆ నవ్వుకి జడిసి పెరట్లోకి పారిపోయేదాన్ననీ చెప్పింది. జనంలో ఎవరో నవ్వారు. అధికారి కూడా ముక్కు తుడుచుకుంటూ నవ్వాడు. ఆ పుట్టనే పుట్టని ముసలాయన నాకు కూడా కళ్లకు కట్టాడు.

ప్యోగారు నిజమేనన్నాడు. మీ పుట్టింటిపేరేమిటని అడిగితే మా అత్తగారు మిన్ అని చెప్పింది. ఈ రోజునుంచీ ఈ ఇల్లు మిన్‌వారి ఇల్లని అధికారి రాసుకున్నాడు. మా ఆయన వేలు సిరాలో ముంచారు. అది ఇంకా తడిగా ఉండగానే రేవునుంచి ఇద్దరు భటులు హన్‌ని తీసుకొచ్చారు.

చేతులు వెనక్కి కట్టి ఉన్నాయి. పెదవి చిట్లింది. పడవ ఎక్కబోతుంటే పేరడిగారట. వాంగ్ హన్ అనీ, ఫలానా రాజుగారి రెండో కొడుకుకి ఎనిమిదో తరమనీ చెప్పాడట. ఏ ఊరని అడిగితే మాత్రం పలకలేదట. సోల్‌గేవైపునుంచి నడిచి రావడం చూశామని పడవవాళ్లు చెప్పారట.

అధికారి కలం కింద పెట్టాడు. మా ఆయన వంక చూశాడు. మా ఆయన నోరు కదిలింది గానీ మాట రాలేదు. మా అత్తగారు నేలమీద గడ్డిపరక ఒకటి తీసి రెండుగా విరుస్తోంది. అప్పుడాయన నావైపు తిరిగాడు.

“అమ్మాయీ, నువ్వు వాళ్లింట్లో పుట్టినదానివి కాదు. నీకు దాచవలసిన అవసరం లేదు. ఈ కుర్రాడెవరు?”

తోరి నా చంకలో ఉన్నాడు. వాడి బరువు, వాడి చెమట, అవే నాకు బాగా గుర్తు. హన్ ముఖంకేసి చూడలేక కాళ్లకేసి చూశాను. నేనల్లిన చెప్పులు. ఎడమదాని మడమ దగ్గర ముడి విడిపోయి ఉంది.

“ఎరగనండి,” అన్నాను. “నాట్ల కూలీకని వస్తుంటారు కదండీ. వాళ్లలో ఎక్కడో చూసినట్టుంది.”

అప్పుడు తోరి చేతులు చాచాడు. బాబాయ్, అన్నాడు. ఎత్తుకోమని ముందుకి వంగాడు. వాడి గొంతు చిన్నదే కానీ కళ్లంలో ఎవరూ మాట్లాడటం లేదు.

అధికారి ముక్కు తుడుచుకోవడం ఆపాడు.

జనంలోంచి సామ్‌వోల్ వాళ్లమ్మ ముందుకొచ్చింది. జున్ను తట్ట నెత్తినే ఉంది. మా అత్తగారి మీది పాత కక్ష ఇక ఈవిడ తీర్చుకుంటుంది అనుకున్నాను.

“వీడి బాబాయిలకేం దొరా, ఊరినిండా ఉన్నారు,” అంది. “మీసమున్న ప్రతివాడూ బాబాయే. మొన్న మా ఇంటాయన్నీ అన్నాడు. అంతకుముందు మేకపోతుని అన్నాడు. కాసేపుంటే మిమ్మల్నీ అంటాడు, తాయిలం చూపినట్టు మీ టోపీ ఒకసారి ఊపండి.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. అధికారి హన్ దగ్గరికి నడిచి వెళ్లి, వాడి ముఖం చూసి, మా అత్తగారి ముఖం చూశాడు. ఇద్దరి నుదురూ ఒకటే. అది ఆయన చూశాడనే నేనిప్పటికీ అనుకుంటాను.

“వీళ్లు నీవాళ్లేనా?” అని వాణ్ణే అడిగాడు.

హన్ మమ్మల్ని ఒక్కొక్కర్నీ చూశాడు. వాళ్లన్నయ్యని, నన్ను, పిల్లాణ్ణి. వాళ్లమ్మ దగ్గర కాస్త ఆగాడు.

“వీళ్లా?” అన్నాడు. “గుర్రాలపేడ ఎత్తుకునేవాళ్లింట్లో పుట్టేంత ఖర్మ నాకు పట్టలేదు.”

చెప్పి మట్టిలో ఉమ్మాడు. అందులో నెత్తురుంది. అధికారి ఇంకాసేపు నిలబడి, తిరిగి వెళ్లి కూర్చుని, రాసిన కాగితాన్ని మడిచి మా ఆయన చేతికిచ్చాడు. భటులకి చెయ్యి ఊపాడు. హన్‌ని రేవుదారిన తీసుకెళ్లారు. తోరి ఏడుస్తుంటే వాడి మొహం నా భుజానికి అదుముకున్నాను. ఊపిరాడక గిలగిల్లాడేదాకా నాకు తెలియలేదు.

ఇంటికి వచ్చాం. మా అత్తగారు నిన్న వదిలేసిన చేట ముందేసుకుని మిగిలిన గింజలు ఏరింది. సామ్‌వోల్ వాళ్లమ్మ సాయంత్రం వచ్చి, అరుగుమీద జున్నుముక్క పెట్టి, తానూ అక్కడే కూర్చుంది. మా అత్తగారు జరిగి చోటిచ్చింది.

మూడోనాడు మా నాన్న కబురు తెచ్చాడు. ఆ రోజు రేవులో తొమ్మిదిమందిని ముంచారని చెప్పాడు. పొద్దు వాలేలోపు పని అయిపోయిందనీ, ఆటుపోటుకి శవం ఒక్కటీ నిలవలేదనీ చెప్పాడు. మా ఆయన తుంగ కోసుకొస్తానని చెప్పి కొడవలి పట్టుకుని ఒడ్డు వెంబడి మూడు రోజులు తిరిగాడు. ఎవరైనా చూస్తే అనుమానపడకుండా నిజంగానే తుంగ కోశాడు. మూడు మోపులతో తిరిగివచ్చాడు. అది మంచి తుంగ. నాట్లయ్యాక దానితో చాపలల్లి అమ్మాం.

ఆయన ఆ తరవాత తమ్ముడి పేరెత్తలేదు. మనిషి మునపటిలాగే పనిచేశాడు, తిన్నాడు. కానీ ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు చెప్పడానికి ఒక్క క్షణం ఆలస్యమయ్యేది. నోరు ముందు కదిలేది, మాట తరవాత వచ్చేది. అది పోనేలేదు. మా నాన్న పడవపని మానేసి తలుపులు, గాదెలు చేసుకుని బతికాడు.

మా అత్తగారు నాతో పదకొండు రోజులు మాట్లాడలేదు. పన్నెండో రోజున పెరట్లో బట్టలు ఉతుకుతుంటే వచ్చి నా పక్కన కూర్చుంది. హన్ మారుబట్టలు కూడా ఆ మూటలో ఉన్నాయి. ఉతకాలో మానాలో తెలియక అడుగున పెట్టాను. ఆవిడ వాటిని పైకి తీసి, తడిపి, బండమీద పెట్టి, తానే కర్రతో బాదడం మొదలుపెట్టింది.

“ఆ రోజు వాణ్ణి ఎరగనని నువ్వు అనకపోతే నేను అనేదాన్ని,” అంది కాసేపటికి. “పెదవిదాకా వచ్చింది. నువ్వు ముందన్నావు.”

నేను ఉతకడం ఆపాను.

“అందుకని రోజూ నిన్ను తిట్టుకుంటున్నాను. నువ్వు అనకుండా ఉంటే ఎవర్ని తిట్టుకోవాలో నాకు తెలిసేది కాదు. కాబట్టి నేను తిట్టుకుంటే నువ్వు ఊరుకో.”

ఊరుకుంటానన్నాను. ఆవిడ మాట నిలబెట్టుకుంది. అన్నం మాడితే, పిల్లాడు పడితే, వాన రాకపోతే, ఆవిడ నన్నే తిట్టింది. ఎన్ని తిట్టినా రంపపు పొట్టు వాసన అన్నమాట మాత్రం మళ్లీ అనలేదు. ఆ బట్టలు ఆరాక మా ఆయనకి సరిపోయేటట్టు కురచ చేసి కుట్టింది.

మరుసటి ఏడు ఏటిమీద మంచు కరుగుతున్న రోజుల్లో ఒక వింత కబురు వచ్చింది. నీళ్లలో పోయిన వాంగ్‌ల ఆత్మలు శాంతించాలని కొత్త రాజే పూజలు చేయిస్తున్నాడట. ఆయనకి నిద్రపట్టడం లేదని కొందరన్నారు. పంటలు పాడవుతాయని జ్యోతిష్కులు చెప్పారని కొందరన్నారు. మా ఏటిపైన ఉన్న గుడికి కూడా బియ్యం, అగరుకడ్డీలు, పట్టుగుడ్డలు బళ్లమీద వచ్చాయి. మూడురోజులు పూజ, వచ్చినవాళ్లందరికీ భోజనం.

వద్దని మా ఆయన అన్నాడు. మా అత్తగారు తెల్లారకముందే తయారై కూర్చుంది. ఒక్కదాన్నే పంపలేక తోరిని వీపున కట్టుకుని నేనూ వెళ్లాను. మంచునీళ్లలో చెప్పులు నానిపోయాయి.

గుడి ముంగిట్లో కాలు పెట్టే చోటు లేదు. నీళ్లలో పోయినవాళ్ల కోసం ఏటి ఒడ్డున ఎత్తైన బల్లమీద అన్నం రాశిగా పోశారు. సన్యాసులు మంత్రాలు చదువుతున్నారు. ఒక పక్కన ఒక చిన్న సన్యాసి, ఇరవై ఏళ్లుంటాయేమో, పసుపుపచ్చ కాగితపు చీటీలు, కలం పట్టుకుని జనంలో తిరుగుతున్నాడు. పోయినవాళ్ల పేరు చెబితే చీటీమీద రాసి మంటలో వేస్తారు. పేరు రాస్తేనే ఆ ఆత్మకి పిలుపు అందుతుంది. పేరు లేకపోతే బల్లమీది అన్నం దానికి కనపడదట. జనంలో వెనకగా, తలపాగాలు పెట్టుకున్న నలుగురు మగవాళ్లు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్లు పూజకి వచ్చినవాళ్లలా లేరు.

చిన్న సన్యాసి చేతిలో చీటీలన్నీ ఖాళీగానే ఉన్నాయి. అందరూ తిండికే వచ్చామంటున్నారు. వచ్చినవాళ్లలో ఎంతమంది మిన్‌లో, ఎంతమంది ఇంకేదోనో, ఎవరికి తెలుసు.

అతను మా దగ్గరికి వచ్చాడు. మా అత్తగారి ముఖంలో ఏం చూశాడో, వంగి మెల్లిగా అడిగాడు.

“అమ్మా, మీకెవరైనా ఉన్నారా? పేరు చెప్తే రాస్తాను.”

కలం సిరాలో ముంచి ఉంది. ఆవిడ ఆ కలంకేసి చూసింది. ఆ పేరు రాయడానికి ఎన్ని గీతలో ఆవిడకి తెలుసు. నా పక్కన ఆవిడ నడుము నిటారుగా అవడం నాకు తెలిసింది. ఆవిడ చెప్పేస్తుందనుకున్నాను. చెప్పనీ అని కూడా అనుకున్నాను. వీపుమీద తోరి కదిలాడు.

“మాకెవరూ లేరు స్వామీ,” అంది. “అన్నం పెడుతున్నారంటే వచ్చాం.”

అతను కదల్లేదు. మళ్లీ అడగబోయాడు. ఆవిడ గిన్నె ముందుకి చాపింది. అతను తల వంచుకుని వెళ్లిపోయాడు. వడ్డించేవాళ్లు వచ్చి మా ఇద్దరి గిన్నెల్లో అన్నం, ఆకుకూర పెట్టారు.

నాకు ముద్ద దిగలేదు. తలపాగాల మగవాళ్లలో ఒకడు ఇటే చూస్తున్నాడు. తిను అని ఆవిడ పెదవి కదపకుండా అంది. నావల్ల కాలేదు. ఆవిడ తన గిన్నె ఖాళీ చేసి, వేళ్లు నాకి, నా చేతిలో గిన్నె కూడా లాక్కుని, ఏటివైపు చూడకుండా, ఆకలిగొన్న మనిషి తిన్నట్టు చివరి మెతుకుదాకా తిన్నది.